హైవే మీద బైక్ టైరు అరుగుదల, హ్యాండ్లింగ్: సమగ్ర మార్గదర్శి

"హైవే మీద నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగాక బైకు మలుపుల్లో మొరాయిస్తోంది. టైరు గాడులు చూస్తే ఇంకా లోతుగానే ఉన్నాయి. తప్పెక్కడ?" అని అడిగేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు తప్పు వెనక టైరు ఆకారంలో ఉంటుంది. గాడి లోతు మిగిలే ఉన్నా గుండ్రదనం పోతే బైకు తీరు మారిపోతుంది. అందుకే ఇక్కడ లోతుతో పాటు ఆకారాన్ని కొలవడం, గాలిని సరిగ్గా పెట్టడం, దారిలో గమనించడం అన్నీ వరుసగా చెబుతున్నాం. టైరు సైజు ఏదైనా పద్ధతి ఇదే.

1. హైవే తినేది నడిమి పట్టీనే

బైకు టైరును అడ్డంగా కోసి చూస్తే విల్లులా వంపు తిరిగి ఉంటుంది. బైకు నిటారుగా వెళ్తున్నప్పుడు నేలను తాకేది నడుమనున్న పట్టీ మాత్రమే, ఇంచుమించు అరచేయంత. బైకు వాలితే ఆ తాకిడి పక్కలకు జరుగుతుంది. హైవే మీద గంటల తరబడి వాలే పనే ఉండదు కనుక భారమంతా ఆ ఒక్క పట్టీ మీదే పడుతుంది.

వేగం పెరిగితే గాలి వెనక్కి నెట్టే బలం వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 100 కిలోమీటర్ల నుంచి 120కి వెళ్తే వేగం పెరిగేది 20 శాతం, గాలి నిరోధం మాత్రం 44 శాతం. దానికి ఎదురు తోసేది వెనక టైరు నడిమి రబ్బరే. తోసే ప్రతిసారీ అది నేల మీద కంటికి కనపడనంత జారుతుంది, ఆ జారుడే అరుగుదల. పైగా టైరు తిరిగే ప్రతి చుట్టులో రబ్బరు నొక్కుకుపోయి మళ్లీ లేస్తూ వేడెక్కుతుంది. వేడెక్కిన రబ్బరు ఇంకా త్వరగా అరుగుతుంది.

ముందు టైరుకు తోసే పని లేదు. అది బ్రేకులకూ మలుపులకూ అరుగుతుంది. అందుకే హైవే వాడకంలో వెనకది ముందుగా పోతుంది, ముందుది ఆలస్యంగా, వేరే రకంగా పాడవుతుంది. ఆ సంగతి ఎనిమిదో భాగంలో ఉంది.

నడుమ చదును పడ్డాక దానికి రెండు పక్కలా గట్టులాంటి అంచు మిగులుతుంది. మలుపులో బైకు మొదట ఆ గట్టు ఎక్కాలి, తర్వాత అవతలికి దిగాలి. ఎక్కేటప్పుడు హ్యాండిల్ బరువుగా ఉంటుంది. దిగేటప్పుడు బైకు ఒక్కసారిగా లోపలికి పడినట్టు అనిపిస్తుంది. "మొరాయించడం" అంటే ఇదే.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- 60 పీఎస్ఐ (PSI, గాలి ఒత్తిడి కొలత) దాకా చూపే గాలి గేజ్. ఎప్పుడూ ఒకటే వాడాలి.
- 0.1 మిల్లీమీటరు దాకా చూపే ట్రెడ్ డెప్త్ గేజ్ (ట్రెడ్ అంటే టైరు మీద గాడులున్న భాగం, దాని లోతు కొలిచేది)
- 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, సుద్దముక్క, టార్చి
- దళసరి అట్ట, కత్తెర, వంచితే వంగిన చోటే నిలిచే మెత్తని అల్యూమినియం తీగ
- చిన్న పంపు, కాలితో కొట్టేదైనా 12 వోల్టులదైనా
- ట్యూబ్‌లెస్ టైరైతే పంచర్ కిట్, ట్యూబ్ టైరైతే సరైన సైజు ట్యూబు, టైరు లివర్లు
- వాల్వు పిన్ను విప్పే చిన్న పనిముట్టు, రెండు వాల్వు క్యాపులు
- సబ్బునీళ్లు, చిన్న నోటుబుక్కు

చాలామంది గేజ్ దగ్గరే పొదుపు చేస్తారు. ఈ జాబితాలో పొదుపు చేయకూడనిది అదొక్కటే.

3. బయలుదేరే ముందు వారం: లోతు కొలవడం

రేపు ప్రయాణమనగా ఈరోజు కొలిస్తే, టైరు మార్చాలని తేలినా మార్చే వ్యవధి ఉండదు. అందుకే వారం ముందు.

మొదట బైకును సెంటర్ స్టాండ్ మీద గాని, ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని లేపి నిలిపే విడి స్టాండు) మీద గాని పెట్టి గేరును న్యూట్రల్‌లో ఉంచండి. ఇంజిన్ ఆపే ఉంచాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

తర్వాత సుద్దతో టైరు చుట్టుకొలతలో సమాన దూరంలో మూడు గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గర నడుమ, ఎడమ పక్క, కుడి పక్క కొలవాలి. ఒక్కో టైరుకు తొమ్మిది అంకెలు వస్తాయి.

గేజ్ సూది గాడి అడుగున చదునుగా ఉన్న చోట ఆనాలి. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలా ఒక గుర్తు ఉంటుంది, దాని మీద కొలవకండి. అదే అరుగుదల సూచిక. టైరు పక్కన టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలు గాని, చిన్న త్రికోణం గాని ఉన్న చోట నుంచి నేరుగా పైకి వెళ్తే దొరుకుతుంది. బైకు టైర్లలో దీని ఎత్తు సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు.

ట్రెడ్ ఆ దిమ్మెతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. చట్టం ఒప్పుకునే కనీస లోతు దేశాన్ని బట్టి మారుతుంది. హైవే వేగంలో వాన నీటిని పక్కకు నెట్టాలంటే మాత్రం నడుమ 2 మిల్లీమీటర్లకు తక్కువ ఉండకూడదని పెట్టుకోవడం మంచిది. 0.8 దాకా లాగడం పొదుపు కాదు, ఒక్క వానతో తేలిపోతుంది.

మూడు గుర్తుల దగ్గరా నడిమి లోతు 0.5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడాగా ఉంటే టైరు చుట్టూ సమంగా అరగడం లేదన్న మాట. గట్టి బ్రేకుతో చక్రం బిగుసుకుపోయి ఒక చోట గీసుకుపోయిందా, బ్యాలెన్సింగ్ పోయిందా, వీల్ బేరింగ్ లూజుగా ఉందా చూడాలి.

4. ఆకారం కొలవడం

ఎక్కువమంది వదిలేసే పని ఇదే.

స్కేలు పద్ధతి. స్టీలు స్కేలును వెనక టైరు నడుమ, చక్రం తిరిగే దిశకు అడ్డంగా, నిలువు అంచు టైరుకు ఆనేలా పెట్టండి. కొత్త టైరు మీద స్కేలు తూగుడు బల్లలా అటూ ఇటూ ఊగుతుంది. చదును పడ్డ టైరు మీద ఊగదు, బల్ల మీద పెట్టినట్టు కూర్చుంటుంది. వెనక నుంచి టార్చి వేస్తే స్కేలుకూ రబ్బరుకూ మధ్య వెలుతురు ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది. ఆ రెండు చోట్లా సుద్దతో గీసి మధ్య దూరం కొలవండి. అదే చదును వెడల్పు.

150 నుంచి 180 మిల్లీమీటర్ల వెడల్పున్న వెనక టైర్లకు ఇలా లెక్క వేసుకోవచ్చు. 3 సెంటీమీటర్ల దాకా అయితే తేడా పెద్దగా తెలియదు. 4 నుంచి 5 సెంటీమీటర్లయితే నెమ్మది మలుపుల్లో స్పష్టంగా తెలుస్తుంది. 6 దాటితే లోతు ఎంత మిగిలినా ఆ టైరుతో ఘాట్ రోడ్డు ఎక్కకపోవడమే మేలు. ఇవి అనుభవంతో వేసుకున్న హద్దులే కాని కంపెనీలు పెట్టినవి కావు.

అట్ట పద్ధతి ఇంకా నమ్మకమైనది, కాకపోతే టైరు కొత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. అల్యూమినియం తీగను టైరు మీదుగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వంచి, ఆ వంపు చెదరకుండా తీసి అట్ట మీద పెట్టి గీయండి. గీత వెంట కత్తిరించి, టైరు పేరు, తేదీ, అప్పటి కిలోమీటర్లు దాని మీదే రాసి దాచుకోండి. ప్రతి 2,000 కిలోమీటర్లకు ఆ అట్టను టైరు మీద బోర్లిస్తే నడుమ సందు కనిపిస్తుంది. ఆ సందు ఎంత పెరిగిందో అంత గుండ్రదనం పోయినట్టు.

చివరగా చేతి పరీక్ష. చల్లారిన టైరు మీద మేకులు, గాజుముక్కలు లేవని కంటితో చూసుకున్నాక అరచేతిని చక్రం తిరిగే దిశలో నెమ్మదిగా జరపండి, తర్వాత ఎదురు దిశలో. ఒక వైపు నునుపుగా, ఇంకోవైపు రంపపు పళ్లలా తగిలితే ట్రెడ్ దిమ్మెలు ఏటవాలుగా అరిగాయన్న మాట. ఇది ముందు టైరులో ఎక్కువ.

5. ఈ టైరు ఈ ప్రయాణానికి సరిపోతుందా

ఒక ఉదాహరణ చూద్దాం. కొత్తగా ఉన్నప్పుడు వెనక టైరు నడిమి లోతు 7.0 మిల్లీమీటర్లు. 4,000 కిలోమీటర్ల తర్వాత 5.8. అంటే 1.2 అరిగింది, వెయ్యికి 0.3.

ఇప్పుడు 3,000 కిలోమీటర్ల ప్రయాణం ఉందనుకోండి. మామూలు లెక్కన 0.9 అరగాలి. వెనక మనిషి, సామాను, ఎండ, ఎక్కువ వేగం ఉంటాయి కనుక దానికి సగం కలపండి, సుమారు 1.4 అవుతుంది. 5.8లో 1.4 పోతే 4.4 మిగులుతుంది, నిశ్చింతగా వెళ్లొచ్చు.

అదే టైరు ఇప్పుడు 3.2 దగ్గర ఉంటే తిరిగొచ్చేసరికి 1.8కి దిగుతుంది. అంటే చివరి రోజుల్లో వాన పడితే 2 మిల్లీమీటర్ల కంటే తక్కువ లోతుతో ఉంటారు. బయలుదేరే ముందే మార్చాలి. "దారిలో చూసుకుందాం" అనుకుంటే మీ సైజు టైరు దొరికే ఊరు కోసం మరో 300 కిలోమీటర్లు బితుకుబితుకుమంటూ వెళ్లాల్సి రావచ్చు.

6. గాలి: మీ చేతిలో ఉన్న అసలు తాళంచెవి

అంకె ఎక్కడ చూడాలి? స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీదో, చైన్ కవరు మీదో ఉన్న స్టిక్కరులో, లేదా బైకుతో వచ్చిన పుస్తకంలో. ఒక్కరే వెళ్తే ఒక అంకె, వెనక మనిషి, సామాను ఉంటే ఇంకో అంకె ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండే అంకె టైరు మోయగల గరిష్ఠ బరువుకు, గరిష్ఠ గాలికి సంబంధించినది. దాన్ని చూసి గాలి పెట్టడం ఎక్కువగా కనిపించే తప్పు.

ఎప్పుడు కొలవాలి? టైరు చల్లగా ఉన్నప్పుడు. అంటే బైకు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండాలి, రాత్రంతా ఆగి తెల్లవారాక కొలిస్తే ఇంకా మంచిది. గాలి కొట్టే చోటు 2 కిలోమీటర్ల లోపే ఉంటే నెమ్మదిగా వెళ్లి కొట్టించుకోవచ్చు. అక్కడి మీటరు రెండు మూడు పీఎస్ఐ అటూ ఇటూ చూపడం మామూలే. కాస్త ఎక్కువ కొట్టించుకుని మీ గేజ్‌తో చూస్తూ దింపుకోండి.

వేడితో ఎంత పెరుగుతుంది? 33 నుంచి 36 పీఎస్ఐ ఉన్న టైరులో ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు దాదాపు 1.7 పీఎస్ఐ. తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 36 పెట్టిన టైరు, అదే రోజు మధ్యాహ్నం 35 డిగ్రీల నీడలో కదలకుండా ఉన్నా సుమారు 39.5 చూపుతుంది. టైరులో తప్పేమీ లేదు.

ఇప్పుడు పది శాతం పరీక్ష. గాలి సరిపోతోందో లేదో టైరే చెబుతుంది.

మొదట, చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరు అంకె పెట్టి రాసుకోండి. ఉదాహరణకు 36.

రెండోది, మీ మామూలు హైవే వేగంలో 45 నుంచి 60 నిమిషాలు వెళ్లండి.

మూడోది, ఆగిన వెంటనే, హెల్మెట్ తీయకముందే కొలవండి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా అంకె దిగుతుంది.

39 లేక 40 ఉంటే, అంటే పదో వంతు పెరిగితే సరిగ్గా ఉంది. 42 లేక 43 ఉంటే టైరు అతిగా వంగి వేడెక్కుతోంది, అంటే మొదలుపెట్టిన గాలి బరువుకు తక్కువైంది. మరుసటి ఉదయం చల్లగా ఉన్నప్పుడు 2 పీఎస్ఐ కలిపి మళ్లీ చూడండి, టైరు పక్కనున్న గరిష్ఠాన్ని మాత్రం దాటకండి. పెరుగుదల ఒక్క పీఎస్ఐ కూడా లేకపోతే గాలి ఎక్కువై ఉండొచ్చు, లేదా చలిలో, వానలో వెళ్లి ఉంటారు.

చాలామందికి తలకిందులుగా అనిపించేది ఇక్కడే. వేడిలో అంకె ఎక్కువ చూపిందని గాలి తీస్తారు. గాలి తీస్తే టైరు ఇంకా వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా అరుగుతుంది. వేడి టైరు గాలి ఎప్పుడూ తీయకండి.

గాలి తక్కువైతే టైరు మెలికలు తిరుగుతుంది, పక్కలు వేడెక్కుతాయి, చివరకు లోపలి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. ఎక్కువైతే తాకే పట్టీ సన్నబడి నడుమ ఇంకా త్వరగా చదును పడుతుంది, గుంతల దెబ్బ ఇంకా గట్టిగా తెలుస్తుంది. నైట్రోజన్ గురించి అడిగేవారికి: హాని లేదు, లాభం కూడా కొద్దే. వారం వారం గేజ్ పెట్టేవాళ్లకు మామూలు గాలి చాలు.

వాల్వును మరిచిపోకండి. రబ్బరు వాల్వును వేలితో పక్కకు వంచి దాని మొదలు దగ్గర పగుళ్లున్నాయేమో చూడండి. ఉంటే ప్రయాణానికి పనికిరాదు. వాల్వు మూతి దగ్గర సబ్బునీటి చుక్క వేసి బుడగ వస్తుందేమో చూడండి. క్యాపు దుమ్ము ఆపడానికే కాదు, పిన్ను వదిలినా గాలి పోకుండా పట్టే రెండో మూత అదే.

7. బరువు, సస్పెన్షన్

టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం చదవండి. 73 అంటే ఆ టైరు 365 కిలోల దాకా మోస్తుంది, 66 అంటే 300, 58 అంటే 236. అక్షరం వేగానికి గుర్తు: ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, హెచ్ అంటే 210, వి అంటే 240. ఇవి టైరు హద్దులే, బైకు మోయగల బరువు వేరు. తక్కువ ఏదైతే అదే మీ హద్దు.

సామాను సర్దేటప్పుడు బరువైనవి కిందికి, ముందుకు. టాప్ బాక్స్ వెనక ఇరుసు కంటే వెనక ఉంటుంది కాబట్టి అందులో వేసే ప్రతి కిలో ముందు చక్రం మీది బరువును తగ్గిస్తుంది. చాలా టాప్ బాక్సులకు 5 నుంచి 10 కిలోల హద్దు రాసి ఉంటుంది. టూల్ కిట్, నీళ్ల సీసాలు అందులో కాకుండా పక్క పెట్టెల్లోకి వెళ్లాలి. రెండు పక్క పెట్టెలనూ తూచి చూడండి, కిలో రెండు కిలోల తేడా మించకూడదు.

వెనక స్ప్రింగు కుంగుదల ఇలా కొలవాలి. చక్రం గాలిలో వేలాడేలా లేపి ఇరుసు నుంచి సీటు కింద ఒక స్థిరమైన గుర్తు దాకా కొలవండి. తర్వాత బైకును నేల మీదికి దింపి, మీరు పూర్తి దుస్తులతో కూర్చుని, ఇంకొకరిచేత కొలిపించండి. తేడా 30 నుంచి 40 మిల్లీమీటర్లుంటే రోడ్డు బైకుకు సరిపోతుంది. వెనక మనిషి, సామాను ఎక్కాక ఈ తేడా పెరుగుతుంది, ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే సర్దుబాటు) బిగించి మళ్లీ దగ్గరకు తేవాలి.

ఇది చేయకపోతే వెనక కుంగి ముందు తేలుతుంది. హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది, మలుపులో బైకు బయటి వైపుకు పోతుంది, వేగంలో ఊగుతుంది. తప్పు టైరు మీదికి నెట్టి కొత్త టైరు వేయించినా ఊగుడు పోదు.

ఇంకా చూడవలసినవి:

- ముందు చక్రం లేపి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కింది చివరలు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. టక్ మంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) లూజు.
- చక్రాన్ని 12, 6 గంటల స్థానాల్లో పట్టుకుని ఊపాలి. కదిలితే వీల్ బేరింగ్.
- చైన్ సర్దేటప్పుడు రెండు వైపులా గుర్తులు ఒకే గీత మీద ఉండాలి.
- రిమ్ముకు అంటించిన బ్యాలెన్స్ బరువులు ఊడి, జిగురు మరక మాత్రమే మిగిలిందేమో చూడాలి.

8. దారిలో

మొదటి పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా వెళ్లండి. చల్లని రబ్బరుకు పట్టు తక్కువ.

తర్వాత వేగం విషయం. 130 బదులు 110లో వెళ్తే గాలి నిరోధం దాదాపు 28 శాతం తగ్గుతుంది. టైరు ఆయుష్షు పెంచే ఉపాయాల్లో ఖర్చులేనిది ఇదొక్కటే. ఖాళీ రోడ్డు మీద పాములా అటూ ఇటూ ఊపుతూ వెళ్తే పక్కలు కూడా అరిగి సమం అవుతుందని కొందరు నమ్ముతారు. అంత వాలుకు పక్కలు నేలను తాకవు, వెనక వచ్చేవాడికి భయం తప్ప ఒరిగేదేమీ లేదు.

ప్రతి 150 నుంచి 200 కిలోమీటర్లకు ఆగినప్పుడు రెండు నిమిషాలు:

- రెండు టైర్లూ చుట్టూ చూడాలి. మేకు, ఉబ్బు, కోత ఉన్నాయా?
- టైరు పక్కకు చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూడాలి. ఎప్పటికంటే బాగా వేడిగా ఉంటే వెంటనే గేజ్. బ్రేకు డిస్కుకూ సైలెన్సర్‌కూ చెయ్యి తగలనీయకండి.
- సామాను పట్టీలు బిగించాలి, వేలాడే కొస టైరుకు తగలకుండా దోపాలి.

హైవే దిగే మలుపు దగ్గర జాగ్రత్త. రెండు గంటలు నేరుగా వచ్చాక టైరు నడుమ కాగిపోయి ఉంటుంది, పక్కలు అంత వేడెక్కవు, పైగా దుమ్ము పట్టి ఉంటాయి. మీ కళ్లకు కూడా 60 అంటే నడకలా అనిపిస్తుంది. స్పీడోమీటర్ చూసి దించండి, కంటి అంచనాను నమ్మకండి.

ఇక లక్షణాన్ని బట్టి కారణం.

వాలడానికి బరువు, తర్వాత ఒక్కసారిగా పడటం: వెనక టైరు చదును. స్కేలుతో చూడండి. ముందు టైరులో గాలి తక్కువైనా హ్యాండిల్ బరువవుతుంది, మొదట దాన్నే చూడండి.

లేన్ గీతలు, సిమెంటు రోడ్డు గాడుల మీద పక్కకు లాగడం: చదును పడ్డ టైరు గాడి అంచులను పట్టుకుంటుంది. కొత్త టైరుతోనూ కొంత ఉంటుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ఎక్కువవుతుంది, మోకాళ్లతో ట్యాంకు పట్టి చేతులు వదులుగా ఉంచండి.

ముందు నుంచి హోరు శబ్దం, వేగం తగ్గేటప్పుడు 80, 60 మధ్య హ్యాండిల్ వణుకు: ముందు టైరు దిమ్మెలు ఏటవాలుగా అరిగాయి. తక్కువ గాలి, అలసిన ఫోర్క్ ఆయిల్, వదులైన కోన్‌సెట్ దీనికి మూలాలు. కారణం సరిచేయకుండా టైరు మారిస్తే కొత్తదీ అలాగే అవుతుంది. చేతులు వదిలి పరీక్షించకండి.

ఒకే వేగం దగ్గర సన్నని అదురు: బ్యాలెన్సింగ్. లేదా టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదు. రిమ్ము అంచు పక్కనే టైరు మీద చుట్టూ సన్నని గీత ఉంటుంది, అది అన్ని చోట్లా రిమ్ముకు ఒకే దూరంలో ఉండాలి.

110 దాటాక బైకంతా నెమ్మదిగా ఊగడం: వెనక బరువు, తక్కువ గాలి, చాలని ప్రీలోడ్. ఊగుతున్నప్పుడు బ్రేకు గట్టిగా నొక్కకండి, హ్యాండిల్‌తో పోట్లాడకండి. ముందుకు వంగి, ట్యాంకును మోకాళ్లతో నొక్కి, యాక్సిలరేటర్‌ను మెల్లగా వదలండి. వేగం దిగితే సద్దుమణుగుతుంది. ఆగి సామాను మళ్లీ సర్దాకే ముందుకు.

9. చదును పడ్డ టైరుతో ఇల్లు చేరడం

పోయిన గుండ్రదనం తిరిగి రాదు. గట్టును ఆకురాయితో అరగదీయడం, గాలి పెంచి ఉబ్బించడం, టైరును తిప్పి వేయడం, ఇవన్నీ చేయకూడనివే. టైరు పక్కనున్న బాణం ముందుకు తిరిగే దిశను చూపాలి.

మలుపుకు ముందే వేగం దించేయండి. హ్యాండిల్‌ను ఒకే ఒత్తిడితో, నెమ్మదిగా నొక్కుతూ వాల్చండి. మలుపు మధ్యలో వాలు మార్చితే బైకు గట్టు మీదికెక్కి దిగి తడబడుతుంది. వానలో నడుమ గాడులే ముందుగా మాయమై ఉంటాయి కాబట్టి నిలిచిన నీటి మీద టైరు తేలిపోతుంది, వేగం బాగా తగ్గించాలి.

10. దారిలో పంచర్

ట్యూబ్‌లెస్‌లో, ట్రెడ్ భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే పురి (పంచర్ కిట్‌లోని జిగురు తాడు) దోపాలి. టైరు పక్క గోడకు మరమ్మతు లేదు. పురి వేశాక స్టిక్కరు అంకెకు గాలి కొట్టి, సబ్బునీటితో చూసి, 20 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. బయటి నుంచి వేసిన పురి తాత్కాలికం, 80 దాటకండి. తొందరగా టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్ వేయించండి, లేదా మార్చండి. గాలి లేకుండా కొంత దూరం నడిపిన టైరైతే లోపలి గోడ నలిగి నల్లపొడి రాలుతుంది. అది కనిపిస్తే మరమ్మతు అడగకండి.

11. కొత్త టైరు వేయించేటప్పుడు

- హైవే ఎక్కువైతే నడుమ గట్టి రబ్బరు, పక్కలు మెత్తని రబ్బరు ఉన్న టూరింగ్ టైరు తీసుకోవాలి.
- ముందు ఒక రకం, వెనక ఒక రకం వద్దు. రేడియల్‌ను బయాస్ ప్లైతో (ఇవి టైరు లోపలి పొరల అల్లికలో రెండు రకాలు) కలపకండి, బైకు కంపెనీ ఒప్పుకుంటే తప్ప.
- తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం.
- టైరు మీద రంగు చుక్క ఉంటే అది సాధారణంగా తేలిక వైపు, వాల్వు దగ్గరకు రావాలి.
- కొత్త వాల్వు, బ్యాలెన్సింగ్ తప్పనిసరి.
- అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపాలి. పదేళ్లయితే గాడులు నిండుగా ఉన్నా తీసేయాలి.

అరిగిన వెనక టైరు తీసి కొత్తది వేసినప్పుడు బైకు వెనక కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, స్టీరింగు చురుకవుతుంది. మొదటి రోజు అది అతిగా అనిపించడం సహజం. కొత్త రబ్బరు పైపొర నునుపుగా ఉంటుంది కనుక మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, గట్టి పికప్ లేకుండా, వాలును కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లాలి. ఆ దూరం హైవే మీద పెడితే నడుమ ఒక్కటే గరుకెక్కుతుంది, పక్కలు అలాగే నునుపుగా మిగిలిపోతాయి. మెలికల దారి ఎంచుకోండి.

12. తిరిగొచ్చిన మరుసటి ఉదయం

- చల్లని గాలి కొలిచి బయలుదేరినప్పటి అంకెతో పోల్చాలి. 2 పీఎస్ఐ కంటే ఎక్కువ పడితే సబ్బునీళ్లతో గాలి ఎక్కడ పోతోందో వెతకాలి.
- గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను మొద్దు పుల్లతో తీయాలి. లోతుగా దిగిన మేకును మాత్రం పంచర్ కిట్ పక్కన పెట్టుకున్నాకే లాగాలి.
- తొమ్మిది అంకెలు మళ్లీ కొలిచి, కిలోమీటర్లు, బరువు, సగటు వేగం పక్కన రాయాలి. తదుపరి ప్రయాణానికి ఐదో భాగంలోని లెక్కలో పెట్టే అంకె ఇదే.
- ప్రీలోడ్‌ను, గాలిని ఒక్కరు నడిపే అంకెలకు తిరిగి దించాలి. ఇది మరిచిపోయి రెండు నెలలు అలాగే తిరిగేవాళ్లు తక్కువేం కాదు.